పిల్లర్ల ఇల్లా, గోడల ఇల్లా? మొదటిసారి కట్టేవారు తేల్చుకునే పద్ధతి

స్థలం రిజిస్ట్రేషన్ అయింది. బ్యాంకు లోను మాట కదిలింది. మేస్త్రి వచ్చి "పిల్లర్లు వేసేద్దామా సార్?" అని అడిగాడు. చాలామంది అక్కడికక్కడే "వేసేయండి" అనేస్తారు. పక్కింటివాళ్లు వేశారు, పిల్లర్లుంటే గట్టి అని ఊరంతా అంటుంది, ఇంకా ఆలోచించేదేముంది అనిపిస్తుంది.

ఆలోచించాల్సింది చాలా ఉంది. టైల్స్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, కిటికీ తలుపులు మార్చుకోవచ్చు. ఇంటి బరువును మోసేది ఏదన్నది మాత్రం పునాది తవ్వకముందే తేలాలి, ఆ తర్వాత మారదు. అందుకే ఈ పనిని ఇక్కడ కలిసి, ఒక్కో అడుగూ వేసుకుంటూ చేద్దాం. చివరికి మీ స్థలానికి, మీ ప్లానుకు ఏది సరిపోతుందో మీ నోటుపుస్తకంలోనే కనిపిస్తుంది. ఇంజనీరు దగ్గరికి వట్టి చేతులతో కాక, లెక్కలతో వెళ్తాం.

అసలు తేడా ఎక్కడుంది?

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న గదిని తీసుకుందాం. దాని మీద 5 అంగుళాల శ్లాబ్ వేస్తే 60 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఆ ఒక్క గది కప్పే నాలుగు టన్నులు దాటుతుంది. టైల్స్, పిట్టగోడ, బీరువాలు, మనుషులు, పై అంతస్తు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ బరువంతా ఏ దారిన నేలకు చేరుతుందన్నదే రెండు పద్ధతుల మధ్య తేడా.

గోడల ఇంట్లో శ్లాబ్ నేరుగా 9 అంగుళాల గోడల మీద కూర్చుంటుంది. గోడ పొడవునా కింద పునాది సాగుతుంది. బరువు గోడంతా పరుచుకుని నేలలోకి దిగుతుంది. దీన్నే ఇంజనీర్లు లోడ్ బేరింగ్ అంటారు. పిల్లర్ల ఇంట్లో శ్లాబ్ బరువును బీములు అందుకుని పిల్లర్లకు ఇస్తాయి. పిల్లర్లు తమ కింది ఫుటింగులకు ఇస్తాయి. గోడలు మధ్య ఖాళీని మూయడానికే. అందుకే లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలు ఉన్నా సరిపోతుంది.

పని వరస కూడా ఇక్కడే తిరగబడుతుంది. గోడల ఇంటికి ముందు గోడ, తర్వాత శ్లాబ్. పిల్లర్ల ఇంటికి ముందు పిల్లర్లు, శ్లాబ్, తర్వాత గోడ. ఈ ఒక్క మాట గుర్తుంటే ముందుకెళ్లాక తికమక ఉండదు.

రెండూ మనకు కొత్తవి కావు. పాత మండువా ఇళ్లలో లోపలివైపు చెక్క స్తంభాలు, వాటి మీద దూలాలు కప్పును మోసేవి. బయటివైపు ఆ పని మందపాటి గోడలు చేసేవి. ఇప్పుడు చెక్క స్థానంలో కాంక్రీటు, స్టీలు వచ్చాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు:

- ప్లాను కాపీ. పై అంతస్తు ఎప్పుడో కడతాం అనుకున్నా సరే, దాని ప్లాను కూడా ఉండాలి.
- రెండు ట్రేసింగ్ కాగితాలు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, స్కేలు.
- టేపు, గడ్డపార, పార. మట్టి నమూనాలకు కొన్ని ప్లాస్టిక్ కవర్లు.
- మీ ఊళ్లో దొరికే ఇటుకలు రెండు మూడు రకాలు, రకానికి అయిదారు.
- ఒక నోటుపుస్తకం. ప్రతి అడుగు దగ్గరా ఒక పేజీకి పైన "గోడలు", కింద "పిల్లర్లు" అని రాసుకుని, తేలిన విషయాన్ని దాని కిందే రాస్తూ పోదాం.

పద్ధతి

1. ఎన్ని అంతస్తులో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి.

ఇప్పుడు కట్టేది కాదు, ఎప్పటికైనా కట్టాలనుకునేది రాయండి. పిల్లలకు పైన ఒక పోర్షన్, అద్దెకు ఇంకొకటి, ఆ పైన పెంట్‌హౌస్ అనే ఆశలుంటే ఇప్పుడే బయటపెట్టాలి. కింద ఒకటి, పైన ఒకటితో ఆపేసేవారికి రెండు దారులూ తెరిచే ఉంటాయి. అంతకు మించి లేపాలనుకుంటే మామూలు ఇటుకలతో, మామూలు మేస్త్రిపనితో గోడల ఇల్లు వద్దు. కింద కారు పార్కింగ్ వదిలి పైన ఇల్లు కట్టుకునేవారికీ పిల్లర్లే దిక్కు, ఎందుకంటే కింద గోడే ఉండదు.

వాస్తు చూపించుకునే అలవాటుంటే అదీ ఈ రోజే పూర్తి చేయండి. ఈశాన్యం గది, నైరుతి గది, సింహద్వారం అన్నీ తేలాకే రెండో అడుగు. గోడల ఇంట్లో పునాది పడ్డాక "ఈ గోడ రెండడుగులు జరపండి" అంటే ఎవరి చేతా కాదు.

2. నేల లోపల ఏముందో చూడండి.

నిర్ణయంలో సగం ఇక్కడే తేలుతుంది, కాబట్టి తొందరపడొద్దు.

స్థలంలో ఇల్లు వచ్చే చోట, నాలుగడుగుల చదరంలో అయిదారడుగుల లోతు గుంత తవ్విద్దాం. కుదిరితే ఎదురెదురు మూలల్లో రెండు. లోతు నడుము దాటాక ఎవరూ గుంతలోకి ఊరికే దిగొద్దు. వదులు మట్టి అంచు ఏ క్షణాన్నయినా కూలుతుంది. ప్రతి అడుగు లోతుకూ ఒక పిడికెడు మట్టి తీసి కవర్లో వేసి, లోతు రాసిపెట్టుకోండి.

ఇప్పుడు గుంత గోడను పైనుంచి కిందకు చదువుదాం. ప్లాస్టిక్ కవర్లు, ఇటుక ముక్కలు, చెత్త కనిపిస్తే అది పూడ్చిన నేల. పాత కుంటలు, పల్లాలు పూడ్చి వేసిన లేఅవుట్లలో ఇది తరచూ కనిపిస్తుంది. పూడ్చిన మందం మొత్తం దాటి, అసలు నేల తగిలేదాకా పునాది వెళ్లాల్సిందే, పద్ధతి ఏదైనా సరే. ఎర్రమట్టి కింద మొరం తగిలి గడ్డపార ఖంగుమంటే మంచి నేల. నాలుగడుగులకే నీళ్లు ఊరితే అదీ రాసుకోండి. డెల్టా ఊళ్లలో కట్టేవారికి ఇది ముఖ్యం.

నల్లమట్టి అయితే ఇంకో పరీక్ష చేద్దాం. కొద్దిగా తడిపి అరచేతుల మధ్య పెన్సిలంత తాడులా రుద్దండి. తాడు తెగకుండా వంగి, చేతికి జిగటగా అంటుకుంటే అది రేగడి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ చేలలో నిలువునా విచ్చుకునే పగుళ్లు మనందరం చూసినవే. ఒక సన్నటి ఇనుప చువ్వ ఆ పగుల్లోకి దింపి ఎంతదాకా దిగుతుందో చూడండి. పైపైన మూడడుగుల లోతులో వేసిన పునాది ఆ నేలతోపాటే ఏటా లేస్తుంది, కుంగుతుంది. దాని మీది గోడ పగలక ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. "నల్లరేగడి కదా, పిల్లర్లు వేస్తే చాలు" అంటారు. పిల్లరు వేసినంత మాత్రాన చాలదు. దాని ఫుటింగు ఉబ్బే పొర దాటి గట్టి నేల మీద కూర్చోవాలి. రేగడి పొర మరీ లోతుగా ఉన్నచోట అండర్‌రీమ్డ్ పైల్స్ వేస్తారు. అడుగున ఉబ్బెత్తుగా ఉండే ఈ కాంక్రీటు పైల్స్‌ను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాడుకలోకి తెచ్చింది. లోతైన రేగడిలో ఇవి కనీసం మూడున్నర మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. వీటిని బీములతో కలిపితే పైన గోడల ఇల్లు కూడా కట్టవచ్చు. కాకపోతే అంత ఖర్చు కింద పెట్టాక, పైన పిల్లర్లు వేసుకోవడమే చాలాసార్లు సబబుగా ఉంటుంది.

గుంత చూశాక భూపరీక్ష కూడా చేయించండి. ల్యాబ్ ఇచ్చే రిపోర్టులో రెండు అంకెలు వెతకండి. ఒకటి సేఫ్ బేరింగ్ కెపాసిటీ, అంటే చదరపు మీటరు నేల నిక్షేపంగా ఎన్ని టన్నులు మోస్తుందన్నది. రెండోది ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే మట్టి ఉబ్బే గుణం. అది 50 శాతం దాటితే ఆ అంకె కింద గీత గీసి ఇంజనీరుకు చూపించండి.

3. చుట్టుపక్కల ఇళ్లను చదవండి.

మీ వీధిలోనే పదేళ్లు దాటిన ఇళ్లు నాలుగు చూసి రండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోయాయా? వానాకాలంలో తలుపులు బిగుసుకుంటున్నాయా? బేస్‌మెంట్ చుట్టూ గచ్చు విడిపోయిందా? ఇంటివాళ్లను పునాది ఎంత లోతు తీశారో అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ దాచరు. పైగా తాము పడ్డ బాధ ఇంకొకరు పడకూడదని విప్పి చెబుతారు. పగుళ్లు లేని పాత గోడల ఇల్లు మీ వీధిలో కనిపిస్తే, ఆ నేల మీద గోడల ఇల్లు నిలుస్తుందనడానికి మంచి సాక్ష్యం దొరికినట్టే.

4. ప్లాను మీద గోడల పరీక్ష చేయండి.

దీనికి అరగంట చాలు. మేస్త్రి నోటిమాట కంటే ఈ అరగంట పని ఎక్కువ విషయం చెబుతుంది.

ముందు ఒక ట్రేసింగ్ కాగితం మీద కింది అంతస్తు గోడలన్నీ ఎర్ర పెన్నుతో గీయండి. రెండో కాగితం మీద పై అంతస్తు గోడలు నీలంతో. రెండూ ఒకదాని మీద ఒకటి, బయటి మూలలు సరిగ్గా కలిసేలా పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూడండి. నీలం గీత కింద ఎర్ర గీత ఉన్నచోట గోడ మీద గోడ వస్తోంది, మంచిదే. నీలం గీత కింద ఏమీ లేకపోతే ఆ పై గోడను మోయడానికి కింద బీము కావాలి. అలాంటివి లెక్కపెట్టండి. ఒకటి రెండు చిన్నవి ఉంటే గోడల ఇల్లు కుదురుతుంది. ఇంకా ఎక్కువుంటే ప్లాను మార్చాలి, లేదా పిల్లర్లకు వెళ్లాలి.

తర్వాత తలుపులు, కిటికీల లెక్క. ఒక్కో బయటి గోడ పొడవు రాసి, అందులో తలుపులు కిటికీల వెడల్పులు కూడండి. ఉదాహరణకు 12 అడుగుల గోడలో ఆరడుగుల కిటికీ, మూడడుగుల తలుపు పెట్టారనుకుందాం. 12 అడుగుల్లో 9 అడుగులు ఖాళీయే. మిగిలిన మూడడుగుల ఇటుక ఆ బరువంతా మోయాలి. గోడల ఇంట్లో ఇది కుదరదు. ఒకే అంతస్తు ఇంటికి ఖాళీలు గోడ పొడవులో సగం దాటకుండా, రెండు అంతస్తులకు ఇంకా తక్కువగా ఉండేలా చూసుకోవాలి. గది మూల నుంచి కిటికీ దాకా కనీసం రెండడుగుల నిండు గోడ వదిలితే మనసుకు నిమ్మళంగా ఉంటుంది.

చివరగా హాలు. 12, 13 అడుగుల వెడల్పు గదులకు గోడల ఇంట్లో ఇబ్బంది లేదు. హాలు, డైనింగ్ కలిపి ఇరవై అడుగులు విశాలంగా కావాలంటే మధ్యలో బీము పడుతుంది. ఆ బీము కొనలు గోడ మీద ఒక్కచోటే బరువు దించుతాయి, కాబట్టి అక్కడ గోడను మందం చేయాలి లేదా పిల్లరు లేపాలి. ఇలాంటివి రెండు మూడు వచ్చాయంటే మీ ప్లానే పిల్లర్లు కావాలని అడుగుతోంది.

చోటు లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. 9 అంగుళాల గోడ బదులు నాలుగున్నర అంగుళాలది వేస్తే ప్రతి 30 అడుగుల గోడకూ సుమారు 11 చదరపు అడుగులు కలిసొస్తాయి. వంద, నూట ఇరవై గజాల స్థలాల్లో కట్టేవారికి ఇది తేలిగ్గా కొట్టిపారేసే విషయం కాదు. రెండొందల గజాలు, ఆపైన ఉన్నవారు దీనికి అంత బరువు ఇవ్వనక్కర్లేదు.

5. ఇటుకను పరీక్షించండి.

గోడల ఇంట్లో ఇటుకే పిల్లరు. రెండు ఇటుకలు ఒకదానికొకటి తట్టండి, గలగలమని మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి వదిలితే ముక్కలు కాకూడదు. తర్వాత ఎండిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువు అయిదో వంతు దాటకూడదు. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాముల లోపే ఉండాలి. మూడు బట్టీల ఇటుకలతో ఈ పరీక్ష చేస్తే, ధరల్లో తేడా ఎందుకుందో మీకే తెలుస్తుంది. మంచి ఇటుక అందుబాటులో లేకపోతే గోడల ఇంటి ఆలోచన ఇక్కడే ఆపేయండి. ఏఏసీ బ్లాకులు తేలిక కాబట్టి పిల్లర్ల మధ్య బాగుంటాయి. శ్లాబ్ మోయించాలంటే మాత్రం ఇంజనీరు లెక్క లేకుండా వాడొద్దు.

సముద్రతీరాన కట్టేవారికి ఇంకో మాట. ఉప్పుగాలికి స్టీలు తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడటం విశాఖ తీరం నుంచి నెల్లూరు తీరం దాకా చూస్తూనే ఉంటాం. గోడల ఇంట్లో స్టీలు తక్కువ, కాబట్టి ఆ బెడదా తక్కువ. పిల్లర్లే వేస్తే కడ్డీలకు బయటివైపు కాంక్రీటు మందం విషయంలో రాజీ పడకూడదు.

6. ఒకే ప్లానుకు రెండు ఎస్టిమేట్లు అడగండి.

చదరపు అడుగుకు ఇంత అని ఒకే అంకె చెప్పే కాంట్రాక్టరు దగ్గర ఈ తేడా కనిపించదు. రెండు పద్ధతులకూ ఒకే రేటు చెబుతాడు, మిగిలేది అతనికి మిగులుతుంది. మట్టి పని, సిమెంటు, స్టీలు, ఇటుక, సెంట్రింగ్, కూలి అన్నీ విడివిడిగా రాసి ఇమ్మనండి. గోడల ఇంట్లో స్టీలు, సెంట్రింగ్ తగ్గుతాయి, ఇటుక, మట్టి పని పెరుగుతాయి. మంచి నేల మీద ఒకటి రెండు అంతస్తుల ఇంటికి మొత్తం మీద గోడల ఇల్లే చవక. రేగడి నేలలో పునాది గోడ పొడవునా లోతుకు దింపాల్సి వచ్చేసరికి ఆ తేడా కరిగిపోతుంది. మీ లెక్క ఏ వైపు మొగ్గిందో రాసుకోండి.

7. ఇప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్దాం.

ప్లాను గీసినవారు వేరు, బరువు లెక్క కట్టేవారు వేరు. మీ మట్టి రిపోర్టు, ట్రేసింగ్ కాగితాలు, నోటుపుస్తకం ఆయన ముందు పెట్టండి. "మా నేలకు పునాది ఎంత లోతు? భూకంపానికి ఏమేం పెడుతున్నారు?" అని అడగండి. భూకంపాలు మనకెందుకు వస్తాయి అనుకోవద్దు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర వచ్చినప్పుడు హైదరాబాద్, విజయవాడల్లోనూ జనం అదురు గమనించారు. 2002 నాటి భూకంప మ్యాపులో హైదరాబాద్ జోన్ 2లో, విజయవాడ జోన్ 3లో ఉన్నాయి.

ఏది గట్టి అన్న వాదనకు కూడా జవాబు భూకంపాల్లోనే ఉంది. 1993 సెప్టెంబర్ 30న లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపానికి మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడల ఇళ్లు నేలమట్టమయ్యాయి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో, అహ్మదాబాద్‌లో కూలినవాటిలో కింద పార్కింగ్ వదిలిన పిల్లర్ల భవనాలు ఎన్నో. గోడల్ని కట్టేసే బెల్టులు లేక మొదటివి పోతే, కింది అంతస్తులో బలం చాలక రెండోవి పోయాయి. జాగ్రత్తగా కట్టిన గోడల ఇల్లు, అజాగ్రత్తగా వేసిన పిల్లర్ల ఇంటికంటే నూరుపాళ్లు మేలు.

మూడో దారి గురించీ అడగండి. కన్‌ఫైన్డ్ మేసన్రీ అంటారు. ముందు ఇటుక గోడను అంచులు పళ్లు పళ్లుగా వదిలి లేపుతారు, తర్వాత ఆ పళ్లలోకి దిగేలా సన్నటి పిల్లర్లు పోస్తారు, పైన బీముతో కట్టేస్తారు. గోడా పిల్లరూ కలిసి బరువు మోస్తాయి. గాంధీనగర్ ఐఐటీ క్యాంపస్‌లో నివాస భవనాలు ఈ పద్ధతిలోనే కట్టారు. మన దగ్గర ఇది తెలిసిన మేస్త్రులు తక్కువ, కాబట్టి ఇంజనీరు దగ్గరుండి చేయిస్తానంటేనే ఎంచుకోండి.

8. తేల్చండి, తేల్చాక పని వరస రాయించుకోండి.

గోడల ఇల్లని తేలితే: గోడ పొడవునా పునాది, దాని మీద బేస్‌మెంట్ ఎత్తున కాంక్రీటు బెల్టు, గోడలు, తలుపుల పై ఎత్తున ఇల్లంతా చుట్టివచ్చే లింటెల్ బెల్టు, మళ్లీ గోడ, ఆపై శ్లాబ్. లింటెల్‌ను తలుపుల మీద ముక్కలుగా వేసి వదలొద్దు. ఇల్లు చుట్టూ తెగకుండా తిరిగితేనే అది గోడల్ని కలిపి పట్టుకుంటుంది. మూలల్లో నిలువు కడ్డీలు పునాది నుంచే లేవాలి. గోడ రోజుకు నాలుగైదడుగులకు మించి లేపనివ్వొద్దు, వారం రోజులు తడపాలి.

పిల్లర్ల ఇల్లని తేలితే: ఫుటింగులు, పిల్లర్ల మొదళ్లు, ప్లింత్ బీములు, పిల్లర్లు, బీములు శ్లాబ్ కలిపి, ఆ తర్వాత గోడలు. రింగుల కొనలు లోపలికి వంగి కాంక్రీటులోకి దిగాలి. పిల్లరు పైనా కిందా రింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. కడ్డీలకు కవర్ బ్లాకులు కట్టి, పిల్లరుకు 40 మిల్లీమీటర్లు, ఫుటింగుకు 50 మిల్లీమీటర్ల కాంక్రీటు మందం వదలాలి. పిల్లర్లు పది నుంచి పద్నాలుగు అడుగుల దూరంలో, వరసలో ఉంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటిది, రెండు పద్ధతుల్నీ లెక్క లేకుండా కలిపేయడం. ఇల్లంతా గోడల మీద కట్టి, ముందు పోర్టికోకు మాత్రం రెండు పిల్లర్లు వేస్తారు. గోడ పునాది ఒకలా, ఫుటింగు ఇంకోలా కుంగి, అతుకు దగ్గర పగులుతుంది. "మూలల్లో నాలుగు పిల్లర్లు వేస్తే బలం" అన్నదీ ఇలాంటిదే. బీముకు, ఫుటింగుకు లెక్కగా కలపని పిల్లరు గోడలో నిలబెట్టిన కాంక్రీటు ముక్క మాత్రమే. కలపక తప్పకపోతే ఇంజనీరు గీసి ఇచ్చిన డ్రాయింగు ప్రకారమే కలపండి.

రెండోది, గోడల ఇంట్లో ఎలక్ట్రీషియన్ చేతికి కట్టర్ ఇచ్చి వదిలేయడం. కరెంటు పైపుల కోసం గోడను అడ్డంగా కోసుకుంటూ పోతే, బరువు మోసే గోడ ఆ గీత దగ్గర సన్నబడుతుంది. 9 అంగుళాల గోడలో నిలువు గాడి 3 అంగుళాలు, అడ్డ గాడి ఒకటిన్నర అంగుళం దాటకూడదు. అడ్డ గాడి అసలు లేకుండా, పైపును శ్లాబ్‌లోంచి నిలువుగా దింపించుకోవడం ఉత్తమం. పని మొదలుపెట్టే రోజే ఆ గీతలు సుద్దముక్కతో మీరే గీయించండి.

మూడోది, పైన కడతామని కడ్డీలు అలాగే వదిలేయడం. మన ఊళ్లలో ఏ మేడ ఎక్కినా పిట్టగోడ మూలల్లో తుప్పు పట్టిన కడ్డీలు ఆకాశం వైపు చూస్తూ కనిపిస్తాయి. ఏళ్ల తరబడి తడిసిన కడ్డీ పైకే కాదు, పిల్లరు లోపలికీ తుప్పు దింపుతుంది. పైన వెంటనే కట్టకపోతే ఆ కడ్డీల చుట్టూ పలచటి కాంక్రీటు పోసి మూసేయండి, కట్టే రోజున పగలగొట్టి తీసుకోవచ్చు. అసలు కట్టే ఉద్దేశమే లేకపోతే వదలొద్దు.

సెంట్రింగ్ తొందరగా విప్పడం గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే చెక్కలు ఇంకో సైటుకు కావాలని మేస్త్రి తొందరపెడతాడు. పదిహేనడుగుల లోపు శ్లాబ్‌కు కింది పోట్లు కనీసం 7 రోజులు, అంతకంటే పెద్ద శ్లాబ్‌లకూ ఇరవై అడుగుల లోపు బీములకూ 14 రోజులు ఉంచాలి. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు. బస్తా మీద పీపీసీ అని ఉంటే ఇంకొన్ని రోజులు కలపండి, నీళ్లు పట్టడం రెండు వారాలు సాగనివ్వండి.

పిల్లర్ల ఇంట్లో గోడకూ పిల్లరుకూ మధ్య సన్నటి నిలువు పగులు వస్తే కంగారు పడొద్దు. అది ఇటుక, కాంక్రీటు వేరువేరుగా కుంచించుకోవడం వల్ల వచ్చేది, బరువు సమస్య కాదు. ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ కొట్టిస్తే చాలావరకు రాదు. అదే గోడల ఇంట్లో ఏటవాలు పగులు వచ్చి, నెలనెలా వెడల్పవుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఇంజనీరును పిలవండి.

చివరి పొరపాటు, గోడల ఇల్లు కట్టుకున్నవారు పదేళ్ల తర్వాత హాలు విశాలం చేద్దామని మధ్య గోడ తీసేయడం. ఏ గోడలు బరువు మోస్తున్నాయో ప్లాను కాపీ మీద ఎర్రగా గుర్తు పెట్టి, ఇంటి పత్రాలతోపాటు దాచండి. రేపు ఇల్లు కొనేవారికీ అది అందాలి.

నా సలహా సూటిగా చెబుతాను. మొరం నేల, మంచి ఇటుక, రెండు అంతస్తులు దాటని ఆశ, గోడ మీద గోడ వచ్చే ప్లాను, ఈ నాలుగూ ఉంటే ధైర్యంగా గోడల ఇల్లు కట్టండి, మిగిలిన డబ్బు బెల్టులకు, మంచి పునాదికి పెట్టండి. రేగడి నేల, పార్కింగ్, మూడో అంతస్తు, విశాలమైన హాలు, వీటిలో ఏ ఒక్కటున్నా పిల్లర్లకే వెళ్లండి. ఏది ఎంచుకున్నా ముగ్గు పోసి మార్కింగ్ చేసే రోజుకు ముందే ఇంజనీరు సంతకం చేసిన పునాది డ్రాయింగు మీ చేతిలో ఉండాలి. అది లేకుండా గడ్డపార పడనివ్వకండి.